బొద్దింక అనకూడని కాలనీ

"ఎడారి ముత్యం కాలనీలో బొద్దింకలు లేవు. ఉండవు. ఉండబోవు!"

ఈ ప్రకటన చేసింది కాలనీ అసోసియేషన్ అధ్యక్షురాలు అగస్టా హోల్‌కోంబ్. క్లబ్ హాల్లో, కొత్తగా దిగిన కుటుంబాలకిచ్చిన స్వాగత విందులో, నిమ్మరసం గ్లాసు పైకెత్తి మరీ చేసింది. విన్నవాళ్లు పద్దెనిమిది మంది. పదిహేడు మంది చప్పట్లు కొట్టారు. కొట్టనివాడు ఒఫీలియా బరేరాస్ భర్త రమీరో. ఆయనకేదో సిద్ధాంత విభేదం ఉందనుకోకండి. ఒక చేతిలో కేకు ప్లేటుంది, రెండో చేతిలో ఇన్‌హేలర్ ఉంది.

"ఎందుకుండవంటే, బొద్దింక మురికిని వెతుక్కుంటూ వస్తుంది. మన దగ్గర మురికి అనేదే లేదు!" అంది అగస్టా.

రమీరో భార్య చెవిదగ్గరికి వంగాడు. "ముసలిదానా, ఈవిడింట్లో మరుగుదొడ్డి లేదా ఏమిటి?"

"నోరు మూసుకుని కేకు తిను" అంది ఒఫీలియా.

రమీరో ముప్ఫై ఒక్క ఏళ్లు శాన్ తదేయో నగరపాలక సంస్థ మురుగునీటి శాఖలో పనిచేశాడు. అరిజోనా ఎడారి నడుమ ఉన్న ఆ ఊరిని జనం పైనుంచి చూశారు, ఆయన కిందనుంచి చూశాడు. "పైన నలభై ఆరు డిగ్రీల ఎండ. కింద చల్లగా, తడిగా, చీకటిగా, తిండికి లోటు లేకుండా ఉంటుంది. ఈ ఊళ్లో కరెంటు బిల్లు కట్టకుండా సుఖంగా బతికేది బొద్దింకలొక్కటే" అనేవాడు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్లకూ ఆయనకు దక్కింది ఒక పింఛను, ఒక ప్రశంసాపత్రం, రెండు పాడైన ఊపిరితిత్తులు. రైలు యార్డు పక్కనున్న పాత ఇంటి దుమ్ము ఇక పడదని డాక్టరు చెప్పాక, ఒఫీలియా ఆ ఇల్లమ్మి ఈ కాలనీలో చిన్న ఇల్లు కొంది. ఇక్కడ దుమ్ము కూడా అసోసియేషన్ అనుమతి లేకుండా లేవదని విన్నది.

జూన్ మొదటి వారంలో, మధ్యాహ్నం ఒఫీలియా బాత్‌రూమ్ కడుగుతుంటే, స్నానాల తొట్టి తూములోంచి ముందు రెండు మీసాలు బయటికొచ్చాయి. వాటి వెనక, తొందరేమీ లేనట్టు, బొటనవేలంత బొద్దింక వచ్చింది. అప్పుడే పాలిష్ చేసిన బూటులా నిగనిగలాడుతోంది.

ఒఫీలియాకు భయం వేయలేదు. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్లు బడి వంటశాల నడిపిన మనిషి. తనిఖీకి వచ్చినవాళ్లు ఆమె పొయ్యి కింద తెల్ల జేబురుమాలుతో తుడిచి, రుమాలు మళ్లీ జేబులో పెట్టుకునేవారు. అలాంటి ఒఫీలియా ఇంట్లో! చెప్పు తీసి ఒక్క దెబ్బ వేసి, కిటికీ తెర లాగి, అప్పుడు మొగుణ్ని పిలిచింది.

"పక్కలో కూర్చుని బిస్కెట్లు తింటున్నావా ఏమయ్యా నువ్వు?"

రమీరో వచ్చి, కళ్లజోడు సర్దుకుని, పాత సహోద్యోగిని చూసినట్టు చూశాడు. "ఇది బిస్కెట్లకొచ్చింది కాదే. మురుగు కాలువది. ఈ ఇల్లు ఏడాదిపాటు ఖాళీగా ఉందా? తూము వంపులో నిలవాల్సిన నీళ్లు ఎండకు ఎండిపోయాయి. నీళ్లుంటే తలుపు మూసినట్టు, లేకపోతే తెరిచినట్టు. వారానికోసారి ప్రతి తూములోనూ నీళ్లు పొయ్యి. మీద సన్నజల్లెడ బిగించు. మన ఇంటివరకూ అంతే. కానీ వీధిలో మ్యాన్‌హోళ్లలో మందు కొట్టకపోతే ఇవి ఆగవు. ఆ పని నగరపాలక సంస్థవాళ్లు చెయ్యాలి. అసోసియేషన్ వాళ్లు ఒక్క ఉత్తరం రాస్తే చాలు."

ఒక్క ఉత్తరమే కదా అనుకుంది ఒఫీలియా. వెంటనే అసోసియేషన్ ఆఫీసుకు ఫోన్ చేసింది. మేనేజర్ గార్లండ్ ఎత్తాడు. అతని గొంతులో పట్టుదిండంత మెత్తదనం ఉంది.

"మా ఇంట్లో బొద్దింక కనిపించిందండీ" అంది ఒఫీలియా.

గార్లండ్ గొంతు తగ్గించాడు. "అమ్మా, ఈ కాల్ రికార్డవుతోంది."

"అయితే మంచిదేగా, విడమరిచి చెప్తాను. బొ-ద్దిం-క."

"అమ్మా, అమ్మా! మీరు చూసింది బహుశా ఎడారి పెంకుపురుగై ఉంటుంది."

"ఆరు కాళ్లున్నాయి. వీపంతా గోధుమరంగు. ఇంతింత పొడుగు మీసాలు."

"మీసాలు చాలామందికి ఉంటాయి కదమ్మా" అన్నాడు గార్లండ్ వినయంగా. "మీరొక పని చేయండి. ఫిర్యాదు పత్రం నింపి పంపండి."

ఫిర్యాదు పత్రం వచ్చింది. అందులో చిరుతపిల్లికి ఒక గడి ఉంది. గిలక పాముకు, తేలుకు, తోడేలుకు, అడవిపందికి తలా ఒక గడి ఉన్నాయి. ఆఖరున 'ఇతర శోభాయమాన వన్యప్రాణులు' అని ఒక గడి. ఒఫీలియా రెండుసార్లు తిరగేసి చూసి, కాగితం అంచున ఖాళీలో పెద్ద అక్షరాలతో 'బొద్దింక' అని రాసి పంపింది.

మూడో రోజున జవాబొచ్చింది. అది జవాబు కాదు, నోటీసు! 'నియమావళి పదకొండో అధ్యాయం, నాలుగో నిబంధన ప్రకారం, కాలనీ గౌరవానికి భంగం కలిగించు పదమును లిఖితపూర్వకముగా వాడినందున, ఈ నెల చివరి శనివారం కార్యవర్గం ఎదుట హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలెను.' ఆ పదమేదో నోటీసులో ఎక్కడా లేదు. రాస్తే కార్యవర్గం కూడా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలి మరి!

ఆ సాయంత్రం పక్కింటి బర్డెట్ గారు గోడ మీంచి పలకరించాడు. రిటైర్డు బీమా అధికారి. ఒంటరి మనిషి. చేతిలో గాజు సీసా, సీసాలో తేలు.

"చూశారా బరేరాస్ గారూ! నిన్న మా హాల్లో దొరికింది. ఈ వేసవిలో ఇది పద్నాలుగోది!" మనవడి మార్కులు చెప్పినట్టు చెప్పాడు.

"మీకు భయం లేదా?"

"భయమా? తేలు అంటే ఎడారి రాజసం! నన్ను మూడుసార్లు కుట్టింది. తూర్పు తీరంలో ఉన్న మా తమ్ముడికి ఫోటోలు పంపిస్తే కుళ్లుకున్నాడు."

"మరి ఇన్ని తేళ్లు మీ ఇంట్లో ఏం తిని బతుకుతున్నాయండీ?"

బర్డెట్ నవ్వు సగంలో ఆగింది. "ఏవో... పురుగులు."

"ఏ పురుగులు?"

"పురుగులంటే పురుగులే! మామూలు పురుగులు, గౌరవనీయమైనవి!" అంటూ సీసా పట్టుకుని లోపలికెళ్లిపోయాడు.

ఒఫీలియా తూములన్నిటికీ జల్లెడలు బిగించింది. మూలల్లో, పొయ్యి వెనక బోరిక్ పౌడర్ చల్లింది. అయినా అవి గోడ చీలికల్లోంచి వస్తూనే ఉన్నాయి. పన్నెండు రోజులకు, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, రమీరో వంటింటి అలమర తీసి లోపల దుమ్ము దులుపుతూ దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఆగలేదు. ఇన్‌హేలర్ మూడుసార్లు నొక్కాడు, నాలుగోసారి చెయ్యి లేవలేదు. పెదాలు నీలం తిరిగాయి. అంబులెన్సు వచ్చేదాకా ఒఫీలియా ఆయన వీపు నిమురుతూ, ఎన్నడూ లేనిది, "రమీరో, రమీరో" అని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల. ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. వచ్చీ రాగానే అడిగింది, "ఇంట్లో బొద్దింకలున్నాయా?"

ఒఫీలియా అటూ ఇటూ చూసింది. ఈ మాట ఇంత మామూలుగా పలికే మనిషిని చూసి రెండు వారాలు దాటింది. "ఉన్నాయమ్మా" అంది. అంటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వాటి రెట్టలు, అవి విడిచిన పొట్టు దుమ్ములో కలిసి ఊపిరిలోకి పోతాయి. ఈయనకు అది విషం. ఈసారికి గట్టెక్కారు. మళ్లీ ఇలాంటిది వస్తే నేను మాట ఇవ్వలేను."

మంచం మీద, మొహానికి ఆక్సిజన్ గొట్టంతో రమీరో ఏదో అన్నాడు. ఒఫీలియా చెవి దగ్గర పెట్టింది. "ముప్ఫై ఒక్క ఏళ్లు వాటింటికి నేను వెళ్లాను. ఇప్పుడవి చూడ్డానికొచ్చాయి" అన్నాడట! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన ఇల్లు చేరిన మర్నాడే ఆమె నగరపాలక కార్యాలయానికి వెళ్లింది. అక్కడ మురుగునీటి శాఖ కిటికీ దగ్గర లాలో ఉన్నాడు. ఒకప్పుడు రమీరో కింద పనిచేసినవాడు.

"వదినా, నువ్వడగాలా? రేపే కొట్టిస్తాను. కానీ అది ప్రైవేటు కాలనీ. అసోసియేషన్ ఉత్తరమైనా ఉండాలి, ఆ వీధిలో పదిహేను మంది ఇంటి యజమానుల సంతకాలైనా ఉండాలి. ఇదిగో కాగితం. ఒకే ఒక్క షరతు. ఏ పురుగో స్పష్టంగా రాయాలి. నువ్వు చెప్పిన ఆ 'శోభాయమానం' రాస్తే మా ఆఫీసరు తిప్పికొడతాడు."

పదిహేను సంతకాలు! ఒఫీలియా కాగితాన్ని అట్టకు బిగించి, టోపీ పెట్టుకుని, పొద్దున్న ఆరింటికే బయలుదేరింది. ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్లు.

మొదటి ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లోనా? ఛీ ఛీ!" అంది గట్టిగా. తర్వాత వీధి అటూ ఇటూ చూసి, ఒఫీలియాను మోచెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపేసి, గిన్నెలు తోమే యంత్రం తెరిచి చూపించింది. "చూడండి, చూడండి! రోజూ ఇదే! నాకు పిచ్చెక్కుతోంది!" ఏడ్చింది. కాఫీ ఇచ్చింది. సంతకం మాత్రం పెట్టలేదు.

రెండో ఇంట్లో మొగుడూపెళ్లాలు ఒకరికి తెలియకుండా ఒకరు చెప్పారు. మొగుడు గ్యారేజీలో, పెళ్లాం వంటింట్లో. "మా ఆయనకు తెలిస్తే గుండాగిపోతుంది" అందావిడ. "మా ఆవిడకు చెప్పకండి, సున్నితం మనిషి" అన్నాడాయన. ఐదో ఇంటావిడ పుట్టినరోజు కేకు కోస్తే ఏం బయటికొచ్చిందో చెప్పి, వెంటనే అది ఎండు ఖర్జూరం అయుండవచ్చంది. ఏడో ఇంటి ముందు తెల్లటి వ్యాన్ ఆగి ఉంది. దాని మీద 'పియానోలు సవరించబడును' అని రాసుంది. ఒఫీలియాకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ వ్యాన్ ప్రతి మంగళవారం వీధంతా తిరుగుతుంది. వీధిలో ఆమె ఇంతవరకూ ఒక్క పియానో చప్పుడూ వినలేదు! వ్యాన్ వెనకనుంచి మూతికి గుడ్డ కట్టుకున్న మనిషొకడు, భుజాన మందు డబ్బాతో దిగాడు.

"పియానోకు ఏమైంది బాబూ?" అడిగింది.

"సొరుగుల్లో గూడు కట్టాయండీ" అన్నాడు అమాయకంగా. అని నాలిక్కరుచుకున్నాడు. పురుగుల మందు వ్యాన్ మీద పురుగు బొమ్మ ఉంటే గేటులోకి రానివ్వరట.

బర్డెట్ గారు తలుపు పూర్తిగా తియ్యలేదు. తలుపు సందులోంచి, "నా తేళ్లు ఆకలితో లేవు. ఇంతకంటే అడక్కండి" అన్నాడు.

చివరికి అగస్టా హోల్‌కోంబ్ ఇల్లు. వంటిల్లు తెల్లగా, ఆపరేషన్ గదిలా ఉంది. అగస్టా గట్టు పక్కన నిటారుగా నిలబడి మాట్లాడింది.

"మీ భర్త ఆరోగ్యం గురించి విన్నాను. చాలా బాధగా ఉంది. పూలు పంపుదామనుకున్నాను."

"పూలొద్దండీ, సంతకం చాలు. మళ్లీ అలా దగ్గు వస్తే కష్టమని డాక్టరు చెప్పింది."

"బరేరాస్ గారూ, ఆ పదమున్న కాగితం మీద అధ్యక్షురాలి సంతకం పడితే అది ప్రభుత్వ దస్త్రం అవుతుంది. రేపు ఇల్లు కొనేవాళ్లు చదువుతారు. నేనొక్కదాని గురించి కాదు, కాలనీ గురించి ఆలోచించాలి. పైగా లేనిదాన్ని ఉందని ఎలా రాయను?"

ఒఫీలియా అరగంట బతిమాలింది. ఆ అరగంటా ఆవిడ చేతులు కదిలాయి, కనుబొమలు కదిలాయి, మెడ కదిలింది. ఎడమ పాదం మాత్రం కదల్లేదు! చెప్పు నేలకు గట్టిగా అదిమి పెట్టి ఉంది. దాని అంచునుంచి సన్నటి మీసమొకటి బయటికొచ్చి, అటూ ఇటూ ఊగుతోంది. ఒఫీలియా మీసాన్ని చూసింది. ఒఫీలియా చూడటాన్ని అగస్టా చూసింది.

"సాగనంపడానికి రాలేకపోతున్నాను, ఏమనుకోకండి" అంది అగస్టా.

ఇల్లు చేరి ఒఫీలియా లెక్క చూసుకుంది. పదకొండు ఇళ్లల్లో ఒప్పుకోళ్లు, నాలుగిళ్లల్లో ఏడుపులు, ఆరు కప్పుల కాఫీ, సున్నా సంతకాలు. మర్చిపోకుండా అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంది. ఎవరింట్లో, ఏ గదిలో, ఎన్ని.

ఆఖరి శనివారం పొద్దున క్లబ్ హాలు నిండిపోయింది. అసోసియేషన్ సమావేశానికి అంతమంది రావడం ఇదే మొదటిసారి. అందరి చూపులూ ఒఫీలియా చేతిసంచి మీదే. సంచి సందులోంచి పుస్తకం అట్ట కనిపిస్తోంది.

గార్లండ్ లేచి అభియోగం చదివాడు. "సభ్యురాలు నింపిన పత్రంలో ఒక... ఒక కీటకానికి సంబంధించిన... అనగా ఏ కీటకమైతే ఈ కాలనీలో లేదో, ఆ లేని కీటకం పేరును..." చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

"మీ సంజాయిషీ ఏమిటి?" అంది అగస్టా.

రమీరో పక్కనుంచి గొణిగాడు. "చదివెయ్యి ముసలిదానా. ఒక్కొక్కరి పేరూ చదివెయ్యి."

ఒఫీలియా లేచింది. పుస్తకం బయటికి తీసింది. ముందు వరసలో రెండో ఇంటి దంపతులు ఒకేసారి కళ్లు మూసుకున్నారు. ఆమెకు ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. నీలం పెదాలు గుర్తొచ్చాయి. చదివితే ఈ హాలంతా కుప్పకూలుతుంది, ఆ ముచ్చట తీరుతుంది. కానీ తర్వాత? చదివితే సంతకాలు రావు. పదకొండు మందీ అబద్ధమని ప్రమాణం చేస్తారు. రమీరో మాత్రం ఈ గాలే పీల్చాలి. పైగా ఆ మొదటి ఇంటావిడ తన భుజం మీద తల పెట్టి ఏడ్చింది నిజమే కదా. ఆమె పుస్తకం మళ్లీ సంచిలో పెట్టేసింది. హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"నాది తప్పే" అంది ఒఫీలియా. "మన కాలనీలో బొద్దింకలు లేవు. నేను చూసింది మన బొద్దింక కాదు."

"మరి ఎవరిది?" అంది అగస్టా అనుమానంగా.

"కాక్టస్ కిరీటం వాళ్లది."

కాక్టస్ కిరీటం అంటే గోడ అవతలి కాలనీ. అక్కడి ఈతకొలను వీళ్ల ఈతకొలను కంటే నాలుగడుగులు పెద్దది. అందుకని రెండు కాలనీల మధ్యా మాటల్లేవు.

"మా ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు పైపుల్లో పనిచేశాడు, ఆయన్నే అడగండి. రెండు కాలనీలకూ ఒకటే గొట్టం. వాళ్లు పెంచి పోషిస్తున్నారు, అవి మన పరువైన ఇళ్లల్లోకి వస్తున్నాయి! వాళ్ల మురికి మనమెందుకు భరించాలండీ? ఇదిగో అర్జీ. 'కాక్టస్ కిరీటం బొద్దింకలు మా వీధిలోకి చొరబడుచున్నవి' అని రాశాను. సంతకం పెట్టడమూ మానడమూ మీ ఇష్టం."

హాల్లో తలలన్నీ పొరుగు గోడవైపు తిరిగాయి. తర్వాత బర్డెట్ గారు లేచి నిలబడ్డాడు. "నేనెప్పటినుంచో అనుమానిస్తూనే ఉన్నాను!"

"మా గిన్నెల యంత్రంలోకి వచ్చింది వాళ్లదే!" అరిచింది మొదటి ఇంటావిడ.

"మా గ్యారేజీలోవీ వాళ్లవే!" అన్నాడు రెండో ఇంటాయన.

"గ్యారేజీలో కూడానా? నాకు చెప్పలేదేం?" అంది ఆయన భార్య.

"దురాక్రమణ!" అని బల్ల గుద్దింది అగస్టా. "ఇది దురాక్రమణ తప్ప మరోటి కాదు! గార్లండ్, కలం!"

గార్లండ్ కలాల కోసం పరిగెత్తాడు. పది నిమిషాల్లో యాభై మూడు సంతకాలు! మొదటి సంతకం అగస్టాది. ఆ పదం పక్కనే, ఇంత పెద్దగా పెట్టింది. అభియోగం కూడా కొట్టేశారు. పొరుగు కాలనీవారిని ఉద్దేశించి వాడినప్పుడు సదరు పదం గౌరవభంగకరం కాదని తీర్మానం కూడా చేశారు.

"ఇప్పుడు నిజంగా ఈ కాలనీ దొరసానివైపోయావే" అన్నాడు రమీరో ఇంటికెళ్తూ. ఒఫీలియా నవ్వలేదు. నిజం చెప్తే రాని సంతకాలు అబద్ధం చెప్తే వచ్చాయి. నోరు చేదుగా ఉంది.

సోమవారం లాలో అర్జీ చదివి, పడీ పడీ నవ్వి, దాన్ని పెట్టబోయిన దస్త్రంలోంచి ఇంకో కాగితం తీశాడు. కాక్టస్ కిరీటం వాళ్లది. అరవై సంతకాలు. 'ఎడారి ముత్యం బొద్దింకలు మా వీధిలోకి చొరబడుచున్నవి.' తేదీ మార్చి మూడు.

"మార్చిలోనే వస్తే మరి ఎందుకు కొట్టలేదు లాలో?"

"రెండు కాలనీలవీ ఒకేసారి కొట్టాలి వదినా. లేకపోతే ఇటునుంచి అటు పోతాయి. మీ అధ్యక్షురాలికి ఉత్తరం రాశాం, మీకున్నాయా అని. 'మా కాలనీలో లేవు, ఉండవు' అని జవాబిచ్చింది. ఇదిగో, ఆవిడ సంతకం."

ఒఫీలియా ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. మార్చి! అప్పుడే మందు కొట్టి ఉంటే రమీరో పెదాలు నీలం తిరిగేవి కావు. కాగితం మడిచి లాలో చేతికిచ్చి, "ఎప్పుడు కొడతారు?" అంది.

శుక్రవారం పొద్దున్న ఆరుగంటలకు నగరపాలక లారీ వచ్చింది. వీధిలో పెద్ద మ్యాన్‌హోల్ అగస్టా ఇంటి ముందే ఉంది. కాలనీ అంతా కాఫీ కప్పులతో బయటికొచ్చి, పొరుగువాళ్ల పరువు పోవడం చూడ్డానికి చుట్టూ నిలబడింది. రమీరో కుర్చీ వేయించుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, దూరంగా కూర్చున్నాడు. పనివాళ్లు ఇనుపకొక్కేలతో మూత లేపారు.

లోపల గోడ కనిపించలేదు. గోధుమరంగు మాత్రమే కనిపించింది. అది కదులుతోంది.

"చూశారా!" అంది అగస్టా, గుండెల మీద చెయ్యేసుకుని. "కాక్టస్ కిరీటం వాళ్ల నిర్వాకం! అక్కణ్నుంచి ఇక్కడిదాకా ఎంత దూరం నడిచొచ్చాయో!"

అందరూ అయ్యో అన్నారు. మందు గొట్టం లోపలికి దిగింది. కింద కలకలం రేగింది. పనివాళ్ల బూట్ల మధ్యనుంచి బొద్దింక ఒకటి, బాగా ముదిరింది, అంచు మీదికెక్కి వేడెక్కుతున్న రోడ్డు మీద ఆగింది. మీసాలు రెండుసార్లు ఊపింది. కాక్టస్ కిరీటం గోడ ఎడమవైపుంది. అది కుడివైపు తిరిగింది. అగస్టా ముంగిట్లో రాళ్ల మధ్యనుంచి, రెండు నాగజెముడు మొక్కల నడుమ నుంచి, మూడు మెట్లెక్కి, ఎక్కడా తడబడకుండా తలుపు కింది సందులోంచి లోపలికెళ్లిపోయింది.

అక్కడున్న ముప్ఫైమందికీ అదే క్షణంలో ఆకాశం మీద ఆసక్తి పుట్టింది. ఈ ఏడు వానలెప్పుడో అన్నాడు బర్డెట్. గార్లండ్ గడియారం చూసుకున్నాడు.

అగస్టా ఒక్కత్తే తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. పక్కకు తిరిగేసరికి ఒఫీలియా ఆమెనే చూస్తోంది.

"దారి తప్పినట్టుంది, పాపం" అంది అగస్టా మెల్లగా.

"లేదండీ" అంది ఒఫీలియా. "తిన్నగానే వెళ్లింది."